రాష్ట్ర స్థాయిలో పెద్దవాళ్ల సలహా మండలి: మన నెల్లూరు, ప్రకాశం నుంచి ఏం అడుగుదాం?

కావలి_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:15

అందరికీ నమస్కారం. నేను బడి నుంచి రిటైరై పదకొండేళ్లయింది. పింఛనుదారుల సంఘంలో తిరుగుతుంటాను కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరగడం, అర్జీలు రాయడం అలవాటే. ఈసారి రాయాలనుకున్న అర్జీ కొంచెం పెద్దది. వయసు పైబడినవాళ్ల అవసరాల మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండలి రాష్ట్ర స్థాయిలో ఉండాలి, అది వరసగా కూర్చోవాలి, ఏం మాట్లాడుకున్నదీ జనానికి తెలియాలి. ఇదీ మేం అడగబోయేది.

ఇది గాల్లోంచి ఊడిపడ్డ ఆలోచన కాదు. 1999లో కేంద్రం వృద్ధుల కోసం జాతీయ విధానం తెచ్చింది. ఆ ఏడాదే సలహా కోసం జాతీయ మండలి పెట్టింది, 2012లో దాన్ని జాతీయ వయోవృద్ధుల మండలిగా మార్చింది. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని కింద కేంద్రం రాష్ట్రాలకు పంపిన మాదిరి నియమాల్లో రాష్ట్రానికి ఒక మండలి, జిల్లాకు ఒక కమిటీ అని స్పష్టంగా ఉంది. మండలి కనీసం ఆరు నెలలకోసారి, జిల్లా కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. కేరళ ఇంకో అడుగు ముందుకేసి 2025 మార్చిలో వృద్ధుల కోసం ప్రత్యేక కమిషన్ బిల్లునే అసెంబ్లీలో పాస్ చేసుకుంది.

అర్జీ సగం రాశాక ఆగిపోయాను. పోయిన వారం కలిగిరి వైపు ఒక ఊళ్లో పాత సహోద్యోగి పెద్దకర్మకు వెళ్లాను. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ నా సంగతి ఎవరో చెప్తే పిలిచి అడిగింది: "అయ్యవారా, మీరు కలెక్టరు దగ్గరికి పోతారంట గదా. మా ఇంట్లో ఇద్దరం ముసలోళ్లమే. కార్డుకు ఒకటే పింఛనంట. మా ఆయనకి ఇస్తా ఉండారు. నా పేరు ఎప్పుడు వస్తది?"

నేను రాసిన అర్జీలో ఈ మాట లేదు. పెన్షనర్ల హెల్త్ కార్డు, రైల్వే రాయితీ, పార్కులో బెంచీలు, ఇవే ఉన్నాయి. అవి అక్కర్లేదని కాదు. కానీ నేను రాసిందంతా పట్నంలో ఉండి, చదువుకుని, నెలనెలా బ్యాంకులో డబ్బు పడే ముసలివాళ్ల సంగతే. ఇంటికొచ్చి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో పెద్దవాళ్లకు నిజంగా ఏం కావాలో రాయండి. అర్జీ మళ్లీ మొదటి నుంచి రాస్తాను.

పెన్నా_గట్టు | ఆదివారం, ఉదయం 8:02

మాస్టారూ, మంచి పని. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 2007 చట్టం కింద వచ్చే కేసుల ఫైళ్లు కొన్నేళ్లు నా టేబుల్ మీద నుంచే పోయాయి. అక్కడ చూసింది చెప్తాను.

పోషణ కోసం పెద్దవాళ్లు ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. ఈ పరిమితి తీసేయాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు కదా అక్కడికే పోవాలేమో అని చాలామంది భయపడతారు. అక్కర్లేదు, పెద్దవాళ్లు ఉండే చోటే వేయవచ్చు. పిల్లలు లేనివాళ్లకు కూడా దారి ఉంది. ఆస్తి ఎవరికి దక్కుతుందో, ఎవరు అనుభవిస్తున్నారో ఆ బంధువును అడగవచ్చు. పెద్దవాళ్లు తాము రాలేకపోతే వాళ్ల తరఫున వేరే మనిషి గాని, స్వచ్ఛంద సంస్థ గాని వేయవచ్చు. ఎవరూ వేయకపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చు.

ఇంత మంచి చట్టం ఉండి కూడా ఎందుకు పనిచేయదంటే, పెద్దవాళ్లు వచ్చి వెనక్కి పోతారు. ఒక తాత నా ఎదురుగా కూర్చుని అర్జీ రాయించుకుని, సంతకం పెట్టే ముందు పెన్ను పక్కన పెట్టేశాడు. "మావాడికి నోటీసు పోతే వాడి అత్తగారింట్లో తలెత్తుకోలేడు" అన్నాడు. మళ్లీ రాలేదు. ఆయన ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది.

మండలి ఉంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ప్రతి డివిజన్‌లో ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో తేలాయి, ఎన్ని వెనక్కి తీసుకున్నారు, ఆర్డరు వచ్చాక డబ్బు నిజంగా చేతికి అందుతోందా? ఈ లెక్క ఆరు నెలలకోసారి మండలి ముందు పెట్టాలి.

టంగుటూరు_రైతు | ఆదివారం, ఉదయం 9:40

మీ ఇద్దరి మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఇంకో మండలి ఎందుకు? మండలి అంటే ఒక ఛైర్మను, ఆయనకో కారు, విజయవాడలో ఒక గది, ఏడాదికోసారి అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం నాడు శాలువాలు. ఆ డబ్బుతో మా మండలంలో నెలకోసారి డాక్టరు ఊరికి వచ్చేలా చేసినా నయమే గదా.

సలహా అంటే వినే మనిషి ఉండాలి. వినకపోతే ఏం చేస్తారు మీరు? అది చెప్పండి, నేనూ సంతకం పెడతా.

కనిగిరి_కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 2:25

ఇంటి పని అయ్యాక ఇప్పుడు చదివాను. మా అత్తగారికి 74. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. ఆమె చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగింది. మోకాళ్లు వంగవు, నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. నాలుగేళ్లుగా మంచం దగ్గరే. స్నానం, దొడ్డికి తీసుకుపోవడం, రాత్రి రెండు సార్లు లేపి పక్కకు తిప్పడం, అన్నీ నేనే చేస్తాను. బాధతో చెప్పడం లేదు, ఆమె నన్ను బిడ్డలా చూసుకుంది.

కానీ ఎవరూ అడగని సంగతి ఒకటుంది. మంచాన ఉన్న మనిషిని ఎలా లేపాలో, వీపు మీద పుండ్లు పడకుండా ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది పుండు పడితే పసుపు పెట్టాను. తర్వాత ఒక నర్సమ్మ చెప్పింది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, దుప్పటి ముడతలు లేకుండా పరవాలని. ఈ రెండు మాటలు ముందే తెలిసి ఉంటే ఆమెకు ఆ నొప్పి ఉండేది కాదు. నా నడుము కూడా పోయింది. నాకు 49 ఏళ్లు. నేను ముసలిదాన్ని అయ్యేసరికి ఇంకెలా ఉంటానో.

పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు నెలకు 15,000 పింఛను అని 2024 జూలై నుంచి ఇస్తున్నారు. దానికి సర్టిఫికెట్ కావాలి. మంచం దిగలేని మనిషిని ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోతే, ఆ రోజు డాక్టరు లేడన్నారు. మళ్లీ తీసుకుపోయాం. దారిలో ప్రతి గుంతకూ ఆమె అరుస్తుంటే నేను చెవులు మూసుకోలేక ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మండలిలో పెద్దవాళ్లు ఉంటారు, ఆఫీసర్లు ఉంటారు. పెద్దవాళ్లను రాత్రీపగలూ చూసుకునే ఆడవాళ్లలో ఒక్కరైనా ఉంటారా? ఉంటే ఈ ఆటో సంగతి ఆమె చెప్తుంది. లేకపోతే చెప్పేవాళ్లు లేరు.

కావలి_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3:10

అమ్మా, మీ మాట అర్జీలో మొదటి పేజీలోనే ఉంటుంది. పెద్దవాళ్లను చూసుకునే ఇంటి ఆడవాళ్లకు రెండు స్థానాలు అని రాస్తాను.

టంగుటూరు రైతు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆలోచిస్తున్నాను.

సచివాలయం_అమ్మాయి | ఆదివారం, రాత్రి 9:48

నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. ఊరి పేరు వద్దు. ఒకటో తేదీ తెల్లవారే పింఛన్లు ఇవ్వడానికి ఇంటింటికీ వెళ్తాం. నా వాటాకు యాభై పైన ఇళ్లు. వృద్ధాప్య పింఛను 4,000.

వేలిముద్రలు పెద్ద సమస్య. మా ఊళ్లో చాలామంది అవ్వలు ముప్పై, నలభై ఏళ్లు పొగాకు ఆకు గుచ్చినవాళ్లు, గ్రేడింగ్ చేసినవాళ్లు. వేళ్ల మీద గీతలే లేవు. ఒక్కో అవ్వ నాలుగైదు సార్లు వేలు చీరకు తుడుచుకుని, మళ్లీ పెట్టి, నా ముఖంలోకి చూస్తుంది. తప్పు తనదేమో అన్నట్టు చూస్తుంది. అప్పుడు ముఖం గాని, కంటిపాప గాని ఫొటో తీసి ఇస్తాం. పని అవుతుంది గానీ ఆ చూపు నాకు ఇంటిదాకా గుర్తుంటుంది.

రెండో సంగతి. హైదరాబాదులోనో బెంగళూరులోనో పిల్లల దగ్గర ఉన్నవాళ్లు ఒకటో తేదీకి ఊరికి పరుగెత్తుకు వస్తారు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి తీసుకోవచ్చు అని రూల్ వచ్చింది, నేను ఫోన్ చేసి చెప్తాను కూడా. అయినా వాళ్లకు టెన్షన్. పేరు తీసేస్తారేమో అని భయం. రాత్రంతా బస్సులో కూర్చుని, కాళ్లు వాచిపోయి వస్తారు.

అసలు చెప్పాలనుకున్నది మూడోది. ఊళ్లో ప్రతి పెద్దమనిషి ఇంటికి నెలకోసారి వెళ్లేది మేమే. డాక్టరు వెళ్లడు, ఎమ్మార్వో గారు వెళ్లరు. నెల మారేసరికి ఎవరు చిక్కిపోయారో, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి చేతి మీద కమిలిన గుర్తు ఉందో నా కంటికి కనిపిస్తుంది. కానీ నా యాప్‌లో దానికి చోటు లేదు. డబ్బు ఇచ్చానా లేదా అన్నదొక్కటే అడుగుతుంది. నేను చూసింది నాతోనే ఉండిపోతుంది.

ఉదయగిరి_కొండ | ఆదివారం, రాత్రి 10:30

నేను బేల్దారి మేస్త్రీని, బెంగళూరులో పని. నేను, నా భార్య ఇక్కడ, పిల్లలిద్దరూ ఊళ్లో మా అమ్మ దగ్గర. అమ్మకు 66. పొద్దున్నే లేచి వాళ్లకు వండిపెట్టి, బడికి పంపి, నీళ్లు మోసి, సాయంత్రం చిన్నోడికి జ్వరమొస్తే వింజమూరు దాకా తీసుకుపోయేది అమ్మే. మా ఊరు నుంచి ఇట్లా వలస వచ్చిన ప్రతి ఇంట్లో ఇదే.

అందరూ పెద్దవాళ్లను పిల్లలు చూసుకోవాలి అంటారు, నిజమే. మా ఊళ్లో పెద్దవాళ్లే పిల్లల్ని చూసుకుంటున్నారు, పిల్లల పిల్లల్ని కూడా. మా అమ్మకు బీపీ ఉంది. మాత్రలు అయిపోతే నాకు చెప్పదు, ఖర్చు అని. పోయినసారి ఊరికి పోతే డబ్బాలో నలభై రోజుల నాటి మాత్రలు అట్లాగే ఉన్నాయి. ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తా ఉందంట, డబ్బా ఎక్కువ రోజులు రావాలని.

మండలిలో ఈ మాట చెప్పగలిగితే చెప్పండి మాస్టారూ. 70 దాటితే అయిదు లక్షల వైద్యం అని కార్డు ఇస్తున్నారు, మంచిదే, అది ఆస్పత్రిలో పడుకున్నాక పనికొస్తుంది. పడకుండా ఉండాలంటే నెలనెలా మాత్రలు ఇంటికి రావాలి. పింఛను ఇంటికి వచ్చినట్టే.

టంగుటూరు_రైతు | సోమవారం, ఉదయం 5:50

సచివాలయం అమ్మాయీ, నీ మాటలు రాత్రి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించా. మా అమ్మ వేళ్లు కూడా అంతే. పొగాకు కాల్చే బ్యారన్ పొగకు కాలి, ఆకు జిగురుకు నల్లబడి, అరిచెయ్యి చెక్కలా ఉంటది. ఆమె వేలు పడక పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోవడం నేను చూశా. అప్పుడు నాకర్థం కాలేదు, మిషన్‌దే తప్పు అనుకుని వదిలేశా.

నిన్నటి నా మాటలో కొంత వెనక్కి తీసుకుంటా, కొంత తీసుకోను. ఊరికే సలహా ఇచ్చే మండలి వద్దు అనే మాట మీదే ఉన్నా. కానీ ఈ అమ్మాయి చూసింది పైకి పోయే దారి ఒకటి కావాలి. ఆ దారికి మండలి అని పేరు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

పెన్నా_గట్టు | సోమవారం, ఉదయం 7:20

రైతు గారి ప్రశ్న, వినకపోతే ఏం చేస్తారు అన్నది, నేనూ ఆలోచించాను. సలహా మండలికి ఆర్డరు వేసే అధికారం ఉండదు, ఉంటే అది సలహా మండలి కాదు. కానీ ఒక పని చేయించవచ్చు. మండలి రాతపూర్వకంగా ఏది సిఫారసు చేసినా సంబంధిత శాఖ 60 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. ఒప్పుకుంటే ఎప్పుడు చేస్తారో, ఒప్పుకోకపోతే ఎందుకో. ఆ సిఫారసు, ఆ జవాబు రెండూ తెలుగులో సచివాలయం బోర్డు మీద అంటించాలి. రెవెన్యూలో నా అనుభవం ఇది: సంతకంతో కాదని రాయడానికి ఏ ఆఫీసరూ తొందరపడడు. నోటితో అయితే వందసార్లు చెప్తాడు.

జీవోలో ఈ ఒక్క వాక్యం ఉంటే మండలికి ప్రాణం ఉంటుంది.

ఇంకో పెద్ద విషయం, ఆస్తి రాసిచ్చేయడం. మన రెండు జిల్లాల్లోనూ ఇదే ఎక్కువ చూశాను. ఆక్వా చెరువులకు, లేఅవుట్లకు పొలాల రేట్లు పెరిగాక పిల్లల ఒత్తిడి పెరిగింది. నాన్న పొలం, ఇల్లు గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేస్తాడు. దస్తావేజులో ప్రేమతో, అభిమానంతో ఇస్తున్నాను అని ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఆయన వసారాలోకి మారతాడు. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఇచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. షరతు ఉందని చూపించాలి అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె కేసులో, ఇది పెద్దవాళ్ల మేలు కోసం తెచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని, అవసరమైతే స్వాధీనం కూడా తిరిగి ఇప్పించవచ్చని చెప్పింది. ఆమె దగ్గర కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది, జీవితాంతం చూసుకుంటానని.

అందుకని రాసిచ్చేవాళ్లకు నా మనవి: నన్ను, నా భార్యను బతికున్నంత కాలం పోషించే షరతు మీద ఇస్తున్నాను అనే వాక్యం దస్తావేజులో రాయించండి. ఇల్లైతే మీరు బతికున్నంత కాలం అందులో ఉండే హక్కు మీకే ఉంచుకోండి. కొడుకు నొచ్చుకుంటాడని ఆగకండి. మంచి కొడుకు నొచ్చుకోడు. మండలి చేయాల్సిన పని ఏంటంటే, 60 దాటిన మనిషి గిఫ్ట్ రిజిస్ట్రేషన్‌కు వస్తే ఈ సెక్షన్ గురించి తెలుగులో చదివి వినిపించాలి అని స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖకు సిఫారసు చేయడం. దానికి పైసా ఖర్చు లేదు.

డాలస్_నుంచి | సోమవారం, ఉదయం 10:05

మాది కోవూరు దగ్గర. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. ఇక్కడికి రమ్మంటే రెండుసార్లు వచ్చింది. మూడో నెలకే కిటికీలోంచి చూస్తూ కూర్చుని, మాట్లాడేవాళ్లు లేరయ్యా అంది. తీసుకొచ్చి దింపాను.

డబ్బు సమస్య లేదు మాకు. కానీ పోయిన ఏడాది అమ్మ బాత్రూములో జారిపడి తెల్లారేదాకా అక్కడే ఉంది. పాలబ్బాయి వచ్చి చూశాడు. నేను ఆ సమయంలో ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల జాబితా పోలీస్ స్టేషన్‌లో ఉండాలని, వాళ్లను నెలకోసారైనా వెళ్లి చూసిరావాలని ఆ మాదిరి నియమాల్లోనే ఉందని తర్వాత చదివాను. అర్జీలో ఇది ఉంచండి. డబ్బున్న పిల్లలు తమవాళ్లను తామే చూసుకుంటారులే అని వదిలేయొద్దు, మా అమ్మలు కూడా ఒంటరివాళ్లే.

14567 అనే ఎల్డర్‌లైన్ నంబరు గురించి కూడా ఊళ్లలో చాలామందికి తెలియదు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, ఫోన్ ఉచితం. అమ్మ ఫోన్‌లో దాన్ని 2 నొక్కితే వెళ్లేలా పెట్టాను.

ఒంగోలు_చెల్లి | సోమవారం, ఉదయం 11:30

చిన్న మాట. 2017 ఏప్రిల్ 1న వృద్ధులకు కర్రలు, కళ్లజోళ్లు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రం మొదలుపెట్టింది మన నెల్లూరులోనే. అర్జీలో అది గుర్తు చేయండి, దేశమంతటికీ పథకం మొదలైన జిల్లా అడుగుతోంది అని.

ఇంకోటి. మా మామయ్యకు వేరే ఒక క్యాంపులో వినికిడి యంత్రం వచ్చింది. బ్యాటరీ అయిపోయాక ఎక్కడ దొరుకుతుందో తెలియక అది బీరువాలో ఉంది. వస్తువు ఇచ్చినవాళ్లు ఆరు నెలల తర్వాత ఒకసారి వచ్చి అది పనిచేస్తోందా అని అడగాలి.

సచివాలయం_అమ్మాయి | సోమవారం, రాత్రి 10:15

ఈరోజు అర్జీల రోజు కదా, ఇప్పుడే ఇల్లు చేరాను. మీరందరూ నేను రాసిందాన్ని పట్టుకున్నందుకు సంతోషం. పింఛను ఇచ్చేటప్పుడే మూడు ప్రశ్నలు అడిగి యాప్‌లో రాయమని అర్జీలో పెడదామని మాస్టారు నాకు మెసేజ్ చేశారు. నాకూ ముందు అదే తోచింది. కానీ రెండు ఇబ్బందులున్నాయి, చెప్పాలి.

ఒకటి, ఆ రోజు మాకు ఊపిరి ఆడదు. మధ్యాహ్నంలోపు ఎంత శాతం ఇచ్చారని ఫోన్లు వస్తూనే ఉంటాయి. హడావుడిగా అడిగితే అవ్వ "బాగానే ఉండా తల్లీ" అంటుంది, నేను బాగుంది అని నొక్కేస్తాను. అలా వచ్చిన లెక్క అబద్ధం.

రెండోది, నేను అడిగేటప్పుడు పక్కన కొడుకో కోడలో ఉంటారు. ఆమె ఎలా చెప్తుంది?

అందుకని నా మాట ఇది. ఒకటో తేదీన కాదు, నెల మధ్యలో ఒక రోజు. అందరి ఇళ్లకూ కాదు, ఒంటరిగా ఉండేవాళ్లు, మంచాన ఉన్నవాళ్లు, 80 దాటినవాళ్లు, ఇంతే. మా ఊళ్లో పదిహేను ఇళ్లు దాటవు. నేను ఒక్కదాన్నే కాకుండా ఆశా అక్క కూడా రావాలి. ఆమె బీపీ చూస్తున్నట్టు లోపలికి తీసుకుపోతే అవ్వ నోరు విప్పుతుంది. మేం రాసింది జిల్లా కమిటీకి పేర్లు లేకుండా పోవాలి. పేరుతో పోతే మరుసటి రోజే ఆ ఇంట్లో గొడవ.

కనిగిరి_కోడలు | సోమవారం, రాత్రి 10:40

ఈ అమ్మాయి చెప్పిందే సరైన మాట. ఆ పదిహేను ఇళ్లలో మా ఇల్లు ఒకటి.

కావలి_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:30

రాత్రి కూర్చుని మొత్తం తిరగరాశాను. ముఖ్యమైనది ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"అయ్యా, రాష్ట్రంలో వయోవృద్ధుల సలహా మండలి ఆరు నెలలకోసారి తప్పకుండా సమావేశం కావాలని, జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కలవాలని, ఆ సమావేశాల్లో అనుకున్నవి తెలుగులో ప్రతి గ్రామ, వార్డు సచివాలయం బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాం. మండలిలో మాలాంటి రిటైరైన ఉద్యోగులు సగానికి మించి ఉండకూడదు. వ్యవసాయ కూలీలుగా పనిచేసి వృద్ధులైన ఆడవాళ్లు, ఒంటరి వృద్ధులు, మంచాన ఉన్నవారిని చూసుకునే ఇంటి ఆడవాళ్లు, వలస వెళ్లిన కొడుకుల పిల్లల్ని సాకుతున్న అవ్వలు, వీరికి స్థానాలు ఉండాలి. వీరు విజయవాడ రాలేరు కాబట్టి ఏడాదిలో ఒక సమావేశం జిల్లాలో, పట్నంలో కాక మండల కేంద్రంలో జరగాలి. వచ్చేవారికి ఆ రోజు కూలీ, తోడు వచ్చే మనిషికి బస్సు ఛార్జీ ఇవ్వాలి. మండలి సిఫారసుకు సంబంధిత శాఖ 60 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి."

తర్వాత పేరాలో ట్రిబ్యునల్ కేసుల లెక్క, గిఫ్ట్ రిజిస్ట్రేషన్ దగ్గర చదివి వినిపించడం, నెల మధ్యలో ఇంటికి వెళ్లి చూడటం, మాత్రలు ఇంటికి చేర్చడం, సర్టిఫికెట్ కోసం డాక్టరే మంచం దగ్గరికి రావడం, మంచాన ఉన్నవాళ్లను ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లకు నేర్పడం, ఒంటరివాళ్ల జాబితా, వినికిడి యంత్రాల సంగతి రాశాను.

మొట్టమొదటి డిమాండుగా మాత్రం ఆ కలిగిరి పెద్దావిడ అడిగిందే పెట్టాను. ఇంట్లో ఇద్దరూ అరవై దాటి ఉంటే ఇద్దరికీ పింఛను. ప్రభుత్వానికి ఖర్చవుతుంది, తెలుసు. ఒక్కసారే కుదరకపోతే 75 దాటిన జంటలతో మొదలుపెట్టమని రాశాను.

టంగుటూరు_రైతు | మంగళవారం, ఉదయం 7:05

మాస్టారూ, కూలీ ఇవ్వాలి అని రాశారే, అది చదివాక నాకు నమ్మకం కుదిరింది. నా పేరు రాసుకోండి. ఒక్క మార్పు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు పొగాకు పని, అవ్వలు కూడా షెడ్లలోనే ఉంటారు. జిల్లా సమావేశం ఆ నెలల్లో పెట్టొద్దని రాయండి. ఎండాకాలం అసలే వద్దు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల కోడ్ వచ్చి పింఛను కోసం ముసలివాళ్లు సచివాలయాల దగ్గర ఎండలో నిలబడటం చూశాం, అది చాలు.

పెన్నా_గట్టు | మంగళవారం, ఉదయం 7:50

మూడో వరసలో "కోరుతున్నాం" తర్వాత 2007 చట్టం పేరు పూర్తిగా రాయండి మాస్టారూ. లేకపోతే కింది గుమాస్తా ఏ సెక్షన్‌కు పంపాలో తెలియక పక్కన పెడతాడు. నేను పెట్టేవాణ్ణి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

కావలి_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:20

రెండూ సరిచేశాను. వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో నేను ఇస్తాను. ఒంగోలులో ఇవ్వడానికి రైతు గారు, చెల్లి ఒప్పుకున్నారు. కలిగిరి పెద్దావిడ వేలిముద్ర కూడా అర్జీ మీద వేయించాలని శనివారం ఆ ఊరికి వెళ్తున్నాను. ఇంకుప్యాడ్ కొన్నాను. కాగితం మీదైనా ఆమె వేలు పడుతుంది.

సచివాలయం_అమ్మాయి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మా ఊరి అవ్వలవి పదకొండు ముద్రలు నేను పంపిస్తాను. ఇంకు వేశాక వేలు కాగితం మీద గట్టిగా నొక్కకుండా మెల్లగా పక్కకు దొర్లించమని చెప్పండి, బాగా వస్తుంది.